నడిగడ్డలో హాలీ సిక్కా

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలకు నడిగడ్డ యని పేరు. ఉత్తరమున కృష్ణయు, దక్షిణమున తుంగభద్రయు ప్రవహించి, ఆలంపురము దాటిన పిమ్మట ఒకటగుచున్నవి. ఈ రెండేరుల నడుమనే గద్వాల కోటయు, ఆలంపురమునందలి నవబ్రహ్మాలయములును, వాని మధ్య ఇటిక్యాల మొదలగు పల్లెలును కలవు. హైదరాబాదు నుండి కర్నూలునకు పోవు 44వ జాతీయ రహదారి బీచుపల్లి వద్ద కృష్ణను దాటి ఈ ఇటిక్యాల ప్రాంతముననే నడిగడ్డపై అడుగిడును. ఈ భూమికై విజయనగర రాయలును బహమనీ సుల్తానులును తరతరములు పోరాడిన కథ మన మెరిగినదే. ఆ కథలో కత్తులు కనబడును, ఏనుగులు కనబడును. ఆ పిమ్మటి కాలమున ఇదే నేలపై సడిచప్పుడు లేక సాగిన మరియొక పోటీ కలదు. అది వెండి రూపాయల పోటీ. అందు ప్రాణములు పోలేదు గాని, పల్లెటూరి రైతు కష్టార్జితములో కొంత భాగము మాత్రము ఏటేట పోవుచు వచ్చెను.

తెలుగున ‘చెల్లు’ అను క్రియ కొక విశేషము కలదు. రాజాజ్ఞ చెల్లును, పెద్దల మాట చెల్లును, నాణెమును చెల్లును. అధికారమునకు చెల్లుబడి యని పేరు. ఎవని నాణెము ఎంతదూరము చెల్లునో వాని అధికారమును అంతదూరమే యను భావము ఈ మాటలో నిమిడియున్నది. ఐనను నాణెము చెల్లుటకు రాజు పేరొక్కటియే చాలదు. ఆ పేరు క్రింద తగినంత వెండి యుండవలెను. పేరునకును తూకమునకును నడుమ ఎడమేర్పడినపుడు ఆ నష్టమును ఎవరో ఒకరు భరింపక తప్పదు. నిజాం రాజ్యపు వెండి నాణెముల చరిత్రను మన మీ దృష్టితో నొకమారు పరిశీలింతము.

వెండి రూపాయి మన ప్రాంతమునకు ఆలస్యముగా వచ్చిన అతిథి. పూర్వము శాతవాహన రాజులు తమ ముఖప్రతిమలతో వెండి నాణెములు ముద్రించిరి. వానిపై ఒక ప్రక్క ప్రాకృతమును, రెండవ ప్రక్క ద్రావిడ భాషయు నుండుట పండితులను మిక్కిలి ఆకర్షించిన విషయము. కాని ఆ తరువాత చిరకాలము దక్షిణాపథమున బంగారమునకును రాగికిని గల ప్రాధాన్యము వెండికి లేకుండెను. విజయనగర ప్రభువులు బంగారు వరహాలకు ప్రసిద్ధులు. గోలకొండ కుతుబ్ షాహీల కాలమునను పెద్ద బేరములు బంగారు హొన్నులతోను, చిల్లర బేరములు రాగి కాసులతోను జరుగుచుండెను. ఉత్తరదేశమున షేర్ షా 1540కిని 1545కిని నడుమ రమారమి 178 గ్రెయినుల తూకముగల వెండి నాణెమును స్థిరపరచెను. వెండికి సంస్కృతమున ‘రూప్య’ మని పేరుండుటచే ఆ నాణెమునకు రూపాయి యను పేరు నిలిచెను. మొగలాయి చక్రవర్తులు దానినే స్వీకరించిరి. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించిన పిమ్మట హైదరాబాదు టంకసాలలో ‘దారుల్ జిహాద్’ అను బిరుదుతో రూపాయలు పడినవి. ఆ విధముగా వరహాల దేశమున వెండి రూపాయి కాలూనెను.

మన దేశమున వెండి గనులు స్వల్పము. రూపాయలకు కావలసిన వెండి అధికభాగము సముద్రముల కావలినుండి వచ్చినదే. అమెరికా ఖండపు గనులలో తీసిన వెండి ఐరోపా వర్తకుల ఓడలలో మన రేవులకు చేరి, ఇచ్చటి వస్త్రములకును సుగంధద్రవ్యములకును వెలగా మారి, టంకసాల మూసలలో కరగి, రూపాయ యై, చివరకు నడిగడ్డ రైతు శిస్తుగా సర్కారు ఖజానాకు చేరెను. ఒక పల్లెటూరి శిస్తులో ఇంత ప్రపంచము ఇమిడియుండెను.

1724లో మొదటి ఆసఫ్ జా హైదరాబాదున స్వతంత్రముగా పాలన ప్రారంభించెను. ఐనను అతడు గాని, అతని వంశీయులు గాని వెంటనే తమ పేర నాణెములు ముద్రింపలేదు. వంద సంవత్సరములకు పైగా ఢిల్లీ చక్రవర్తి పేరే రూపాయిపై నుండెను. ఢిల్లీలో చక్రవర్తి అధికారము కోటగోడల లోపలికి కుంచించుకొనిపోయినను, హైదరాబాదు రూపాయిపై అతడు చక్రవర్తియే. నిజాములు తమ ఉనికిని మిక్కిలి వినయముగా సూచించుకొనిరి. సికందర్ జా కాలపు (1803–1829) నాణెములపై ‘సీన్’ అను అక్షరమును, నాసిరుద్దౌలా కాలపు (1829–1857) నాణెములపై ‘నూన్’ అను అక్షరమును కనబడును. అవి వారి పేర్ల మొదటి అక్షరములు. చక్రవర్తికి పూర్తి నామము, పాలించువానికి ఒక్క అక్షరము! ఆ యుగపు రాజనీతి యంతయు ఆ యొక్క అక్షరములో చదువుకొనవచ్చును.

నాటి నాణెము తయారగు విధము తెలిసికొన్నగాని ముందు జరిగిన కథ మనకు బోధపడదు. వెండిని మూసలో కరగించి, తగినంత రాగి కలిపి, కడ్డీలుగా పోసెడివారు. ఆ కడ్డీలను ముక్కలుగా కోసి, త్రాసున తూచి, ఎక్కువైనచో అంచు చెక్కి సరిచేసి, బిళ్ళలుగా సాగగొట్టెడివారు. పిదప బిళ్ళను క్రింది అచ్చుపై నుంచి, పై అచ్చును దానిపై ఆనించి, సమ్మెటతో ఒక్క దెబ్బ కొట్టినచో రూపాయి యయ్యెను. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. కావున అక్షరములలో సగము నాణెముపై పడును, సగము గాలిలో పోవును. ఒక రూపాయిపై రాజు పేరు నిలిచినచో టంకసాల పేరు జారును. మరియొక దానిపై సంవత్సరము మాత్రమే మిగులును. రెండు రూపాయలు ఒక్క పోలికగా నుండుట అరుదు. ఇట్టి నాణెము అంచును ఎవరైన కొద్దిగా గీకి వెండిపొడి తీసికొన్నను, చూచినవారికి వెంటనే తెలియదు.

అందువలన షరాబు పుట్టెను. షరాబు రూపాయిని రాతిపై మ్రోగించి వినును, తూచి చూచును, అనుమానము కలిగినచో చిన్న ఉలితో గంటు పెట్టి లోపలి వెండిని పరీక్షించును. పాత రూపాయలపై నేడును కనబడు చిన్నచిన్న గంట్లు ఆ పరీక్షల గురుతులే. పరీక్షానంతరము అతడు వట్టము చెప్పును. వట్టమనగా ఒక నాణెమును మరియొక నాణెముగా మార్చునపుడు తగ్గించు మొత్తము. పాతబడిన రూపాయికి వట్టము, పరదేశపు రూపాయికి వట్టము, అరిగినదానికి మరికొంత వట్టము. రాజు ముద్ర వేయును. దాని విలువ షరాబు నిర్ణయించును.

19వ శతాబ్ది తొలిభాగమున నిజాం రాజ్యమున రూపాయి ఒక్కటి కాదు. నగరమున చెల్లునది షహర్ చలనీ. దివాను చందూలాల్ సోదరుడు రాజా గోవింద బక్షు పేర ప్రసిద్ధమైనది గోవింద్ బక్షీ. ఔరంగాబాదు మొదలగు చోట్ల వేరు టంకసాలలుండెను. మన ప్రాంతమున నారాయణపేటలో టంకసాల యుండెను. గద్వాల సంస్థానము తన నాణెమును తాను ముద్రించుకొనెను. ఆ గద్వాల రూపాయి రాయచూరు సీమలో విరివిగా చెల్లెను. కృష్ణ కావలి ఒడ్డున వనపర్తి సంస్థానమునకు మొదటి రాజధాని సుగూరు. ఆ పేరనే సుగూరు సిక్కా వెలసెను. ఒక దినపు ప్రయాణములో ముగ్గురు ప్రభువుల టంకసాలల నాణెములు చేతికి రాగల దేశమది.

సంస్థానాధీశులకు టంకసాల యేల యను ప్రశ్న కలుగవచ్చును. టంకసాల యొక ఆదాయమార్గము. వర్తకుడు వెండి తెచ్చి యిచ్చినచో దానిని నాణెములుగా కొట్టి యిచ్చుటకు ప్రభువు కొంత రుసుము గైకొనును. అంతకంటె మించినది గౌరవము. నిజామునకు పేష్కష్ చెల్లించు సామంతుడైనను, తన కోటలో తన సమ్మెట దెబ్బ వినబడుచుండుట అతనికి ఘనతయే. విద్వాంసులను సన్మానించి ‘విద్వద్గద్వాల’ యని పేరుగాంచిన ఆస్థానమునకు తన టంకసాల నుండి వెలువడిన రూపాయితో సత్కరించుట యొక ప్రత్యేకతయే గదా!

అయితే ఈ ఘనత వెల ఎవరు చెల్లించిరి? ఇటిక్యాల వంటి పల్లెలో నొక రైతు జొన్నలమ్మెననుకొందము. కొన్నవాడు ఒక టంకసాల రూపాయ లిచ్చెను. శిస్తు వసూలుకు వచ్చినవాడు వేరొక టంకసాల రూపాయలు కావలెననెను. సంతలో ఎడ్లు అమ్మువాడు మూడవ రకము కోరెను. ప్రతి మార్పునకును షరాబు ముందు నిలువవలెను. ప్రతిసారియు వట్టము పోవలెను. రూపాయికి ఒక అణా పోయినను, పదహారు మార్పులలో ఒక రూపాయి మాయమగును. పంట పండించుటలో రైతునకు లోపము లేదు. అమ్ముటలోను లోపము లేదు. పేరునకును తూకమునకును నడుమనున్న ఆ ఎడములో అతని జొన్నలు కొన్ని జారిపోయినవి.

ఇంతలో తుంగభద్రకు దక్షిణమున కాలము మారెను. 1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి అప్పగించెను. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను పదవీభ్రష్టుడు కాగా, ఆలంపురమున కెదుటి యొడ్డు కంపెనీ పాలనలోనికి వచ్చెను. 1835లో కంపెనీ తన రాజ్యమున కంతటికి ఒకే రూపాయి నేర్పరచెను. దాని తూకము 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము. మన కొలతలలో 11.66 గ్రాములు. దానిలో 12 పాళ్ళకు 11 పాళ్ళు శుద్ధమైన వెండి. దానిని యంత్రముతో ముద్రించిరి. అంచున సన్నని గీతలుండుటచే గీకుట కష్టము; గీకినచో వెంటనే తెలియును. జనులు దానికి కల్దారు అని పేరు పెట్టిరి. ‘కల్’ అనగా యంత్రము. యంత్రమున పుట్టినది కల్దారు. తులము తూకముతో నుండుటచే అది నాణెమే గాక తూనికరాయియు నయ్యెను. ఎనుబది కల్దార్లు ఒక శేరు.

అప్పటినుండి నడిగడ్డకు దక్షిణపు టెల్లయైన తుంగభద్ర రెండు రూపాయల నడుమ ఎల్లగా మారెను. ఆవల కల్దారు, ఈవల నిజాము రూపాయలు. ఏరు దాటు పడవలో మనుష్యులు మారరు, భాష మారదు, బంధుత్వములు మారవు. చేతిలోని రూపాయి విలువ మాత్రము మారును.

ఈ పోటీ 1853లో మరియొక మలుపు తిరిగెను. హైదరాబాదు కంటింజెంటు అను సైన్యమునకు జీతములు చెల్లింపలేక నిజాము కంపెనీకి బాకీ పడెను. ఆ బాకీకి హామీగా బేరారును, పశ్చిమమున ధారాశివ ప్రాంతమును, ఇచట రాయచూరు అంతర్వేదిని కంపెనీ పాలనకు వదలవలసి వచ్చెను. వెండి చాలక భూమి చేయిజారెను! 1857 విప్లవ కాలమున హైదరాబాదు ప్రభుత్వము బ్రిటిషువారి పక్షమున నిలిచినందుకు ప్రత్యుపకారముగా 1860లో రాయచూరు అంతర్వేది తిరిగి నిజామునకు దక్కెను. బాకీలెక్క ఒకటి ఒక సీమను 7 సంవత్సరములు పరాధీనము చేసిన ఉదాహరణము మనకు దూరదేశమున వెదుకనవసరము లేదు.

1858లో ఢిల్లీ చక్రవర్తి బహదూర్ షా రంగూనునకు ప్రవాసము పంపబడెను. ఇక రూపాయిపై ఎవరి పేరు వేయవలెను? అప్పటి నిజాము అఫ్జలుద్దౌలా. దివాను మొదటి సాలార్ జంగు. అతడు 1853 నుండి 1883 వరకు రాజ్యభారము వహించిన సమర్థుడు. చక్రవర్తి పేరు తొలగెను. దాని స్థానమున ‘నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా బహదూర్’ అను వంశబిరుదము వెలసెను. ఆ బిరుదము నిజాములందరికి సమానమే గాన, ప్రభువు మారినను నాణెముపై పేరు మారనవసరము లేదు. దానితోపాటు 92 అను అంకెయు కనబడుచుండెను. అరబ్బీ అక్షరములకు సంఖ్యావిలువలు కలవు. ముహమ్మద్ అను పేరులోని అక్షరములకు క్రమముగా 40, 8, 40, 4, కూడినచో 92. మానవ చక్రవర్తి పేరు పోయిన చోట ప్రవక్త నామము సంఖ్యారూపమున నిలిచెను.

ఈ క్రొత్త రూపాయికే హాలీ సిక్కా యని పేరు. హాలీ యనగా వర్తమానపుది, ఇప్పుడు చెల్లునది. పేరులోనే ఆజ్ఞ యున్నది: ఇకమీదట ఇదియే చెల్లవలెను, పాతవి కావు. సాలార్ జంగు చెదరియున్న టంకసాలలను ఒకటొకటిగా మూయించి, ముద్రణ నంతయు హైదరాబాదునకు చేర్చెను. నారాయణపేట సమ్మెట ఆగెను. గద్వాల, సుగూరు సమ్మెటలును ఆగెను. సంస్థానాధీశుల ఘనత కది లోటే. రైతునకు మాత్రము షరాబు ముందు నిలుచు సందర్భములు తగ్గినవి. ఐనను పాత నాణెములు ఒక్కనాట పోవు. టంకసాల మూతపడినను గద్వాల రూపాయలు రాయచూరు జిల్లాలో చాలకాలము చేతులు మారుచునే యుండెను. ఆజ్ఞ కంటె అలవాటు ఆయువు ఎక్కువ.

హైదరాబాదు టంకసాల మొగల్‌పురాకు చేరువనున్న సుల్తాన్ షాహీలో 1803లో ఏర్పడినది. అచట 1895లో యంత్రములు ప్రవేశించినవి. ఆ యంత్రములపై పుట్టిన రూపాయికి చర్ఖీ యని పేరు. చక్రముపై తయారైనదని యర్థము. తుంగభద్ర కావల కల్దారు పుట్టిన 60 సంవత్సరములకు ఈవల చర్ఖీ పుట్టెను. 1903లో టంకసాల సైఫాబాదునకు మారెను. ఆ కాలముననే రూపాయిపై చార్మినారు వెలసెను. అంతకు ముందు నాణెముపై అక్షరములే గాని బొమ్మ లేదు. చార్మినారు నడిమి కమాను క్రింద మహబూబ్ అలీ ఖాను కాలమున ‘మీమ్’ అను అక్షరమును, 1911 తరువాత ఉస్మాన్ అలీ ఖాను కాలమున ‘ఐన్’ అను అక్షరమును నిలిచినవి. వెనుక ప్రక్క నాణెపు విలువయు, ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’, అనగా శుభమైన పునాదిగల హైదరాబాదు, అను టంకసాల పేరును చెక్కబడెను. అరబ్బీ లిపి చదువనేరని తెలుగు రైతునకు ఆ చార్మినారు బొమ్మయే చదువుకొనదగిన ఏకైక అక్షరమయ్యెను.

ఇక ఈ రెండు రూపాయల నడుమ మారకపు లెక్క చూతము. మన కథకు ఇదియే ఆయువుపట్టు. హాలీ రూపాయి తూకము 11.18 గ్రాములు, దానిలో శుద్ధమైన వెండి వేయింట 818 పాళ్ళు. గుణించినచో వెండి 9.14 గ్రాములు. కల్దారులో వెండి 10.69 గ్రాములు. ఇప్పుడు 7 హాలీ రూపాయలను ఒక ప్రక్కను, 6 కల్దార్లను మరియొక ప్రక్కను పెట్టుదము. ఏడు హాలీలలో 64 గ్రాముల వెండి; ఆరు కల్దార్లలో 64 గ్రాముల పైన రవంత. త్రాసు ఇంచుమించు సమముగా నిలుచును. 7 హాలీలకు 6 కల్దార్లను ప్రసిద్ధమైన లెక్క ఊరక పుట్టినది కాదు. వెండిలోనే దాని మూలమున్నది.

ఈ లెక్క స్థిరపడుటకు పూర్వము చాల ఒడుదుడుకులు జరిగినవి. 19వ శతాబ్ది చివర ప్రపంచమున వెండి ధర పడిపోయెను. 1893లో బ్రిటిషు ఇండియా తన టంకసాలలలో ప్రజలు తెచ్చిన వెండిని రూపాయలుగా కొట్టియిచ్చుట మానెను. దానితో కల్దారు విలువ దానిలోని వెండి విలువ నుండి విడివడి పైన నిలిచెను. హాలీకి అట్టి ఆధారము లేదు. వెండితోపాటు అదియు దిగజారెను. బయటి బాకీలు, రైల్వే కంపెనీ వాటాదారుల కిచ్చిన హామీ వడ్డీ బయటి నాణెములో చెల్లింపవలసిన హైదరాబాదు సర్కారునకు అది పెద్ద చిక్కు. 20వ శతాబ్ది మొదటి సంవత్సరములలో సర్కారు తానే ముద్రణను అదుపున నుంచుకొని మారకమును స్థిరపరచెను. 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ సిక్కా. ఏడును ఆరును అను లెక్కయే ఇది.

ఈ నూటపదహారు అంకె మన చెవులకు క్రొత్తది కాదు. కవిపండితులకు, పురోహితులకు, పెండ్లికొడుకులకు నూటపదహార్లు సమర్పించుట మన ఆచారము. కోస్తాదేశపు కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములకు వచ్చినపుడు వారు ఇంటికి పోయి మార్చుకొనిన నూరు కల్దార్లు చేతికి రావలెనను నుద్దేశముతో 116 హాలీ రూపాయ లిచ్చెడివారనియు, అదియే ఆచారమయ్యెననియు ఒక జనశ్రుతి కలదు. పదహారు సంఖ్యపై మనవారికి గల మక్కువయు దీనికి తోడైయుండును. రూపాయికి పదహారణాలు గావుననే సంపూర్ణమైన దానిని పదహారణాలదని మనము ప్రశంసింతుము. జనశ్రుతి మాట యెట్లున్నను, ఆ లెక్కలో నొక మర్యాద కలదు: ఇచ్చునది పుచ్చుకొనువాని యింట ఎంతకు చెల్లునో చూచి యియ్యవలెను.

చిల్లర నాణెముల మాటయు కొంత చెప్పవలెను. హాలీ రూపాయికి 16 అణాలు. అణాకు 6 డబ్బులు. డబ్బు అనునది రాగి నాణెము. పేదవాని చేతిలో వెండి రూపాయి మెరయునది ఏడాదికి ఏ కొన్ని దినములో. మిగిలిన దినములు డబ్బులతోనే గడచును. కావుననే కాబోలు, రూపాయికి గాని వరహాకు గాని దక్కని గౌరవము డబ్బునకు దక్కెను. ధనమంతటికి తెలుగున అదియే పేరై నిలిచెను.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున వెండి దుర్లభ మయ్యెను. హైదరాబాదు ప్రభుత్వము 1918లో కాగితపు నోట్లు వెలువరించెను. ఆ నోట్లపై ఉర్దూ, ఇంగ్లీషులతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడములలోను విలువ వ్రాయబడెను. దాదాపు 200 సంవత్సరములు ఆసఫ్ జాహీల వెండిపై చోటు దొరకని తెలుగక్షరము కాగితముపై చోటు సంపాదించెను. ఇందులో నొక తర్కము కలదు. వెండి తన విలువను తానే చెప్పుకొనును. దానిపై వ్రాత చదువకున్నను మ్రోత విని గ్రహింపవచ్చును. కాగితము మాట మీద చెల్లునది. మాటపై నమ్మకము కావలెనన్నచో, ఆ మాట జనుల భాషలో నుండవలెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున వెండి పాలు మరింత తగ్గెను. బ్రిటిషు ఇండియాలో రూపాయి సగము వెండికి దిగెను; హైదరాబాదు రూపాయియు 1940 తరువాతి ముద్రణలలో సగమునకే దిగెను. 1947లో ఇండియా రూపాయి నికెలు నాణెమయ్యెను. ఐనను 7కు 6 అను లెక్క చెక్కుచెదరలేదు. వెండిలో పుట్టిన నిష్పత్తి వెండి తొలగిన పిమ్మటను నిలిచెను. జనులు ఇప్పుడు త్రాసును నమ్ముట లేదు, ప్రభుత్వమును నమ్ముచున్నారు. షరాబు త్రాసు ఆ నాటితో చేతికి రానిదయ్యెను.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియనులో కలిసెను. 1949లో సంస్థానములు అంతరించినవి. 1950లో సైఫాబాదు టంకసాలను భారత ప్రభుత్వము స్వీకరించెను. అదే సంవత్సరమున ఇండియా రూపాయి హైదరాబాదున ప్రవేశించి 7కు 6 వంతున హాలీ ప్రక్కనే చెల్లెను; 1951లో హాలీ ముద్రణ ఆగెను; ఆ దశాబ్ది ముగియునప్పటికి దాని చెల్లుబడియు ముగిసెను. 1956లో రాయచూరు జిల్లా నుండి గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమున చేరి మహబూబునగరు జిల్లాలో భాగమైనవి. 2016లో జోగుళాంబ గద్వాల జిల్లా యేర్పడెను. నేడు తుంగభద్రకు ఇరువైపుల రాష్ట్రములు వేరు గాని, రూపాయి ఒక్కటే. ఏరు దాటువాడు వట్టము చెల్లింపనక్కరలేదు. ఈ సౌకర్యము మనకెంత సహజముగా తోచునో, నూరేండ్ల క్రిందటి రైతున కంత ఆశ్చర్యముగా తోచియుండును.

అయినచో ఆ పాత రూపాయలేమైనవి? చాల భాగము కరగిపోయినవి. కడియములై, పట్టీలై, మొలత్రాళ్ళై మన యిండ్లలోనే యున్నవి. లంబాడీ స్త్రీల ఆభరణములలో కొన్ని నాణెరూపముననే నిలిచినవి. కొన్ని కుండలలో భూమి క్రింద నుండి నాగటి కఱ్ఱుకు తగిలి బయటపడుచుండును. వెండి ధర పెరిగినపుడెల్ల ఈ శేషమును మూసలోనికి జారును. నగరమున ముద్రించిన చార్మినారు రూపాయలు లక్షలుగా పడినవి. వానికి లోటు లేదు. గద్వాల, సుగూరు, నారాయణపేట నాణెములు అట్లు కావు. ముద్రింపబడినవి తక్కువ, మిగిలినవి మరియు తక్కువ. సగము అక్షరములు జారిన ఆ మొరటు బిళ్ళలు వెలకు అల్పములుగా తోచును గనుక, కరగువానిలో అవియే ముందు.

పాలెములో దొరికిన నాణెమును కంసాలికిచ్చినచో మనకు దక్కునది తులమో తులము తక్కువో వెండి మాత్రమే. దానిపై నున్న అక్షరము పోవును, షరాబు గంటు పోవును, ఏ టంకసాలలో ఏ యేట ఎంత వెండితో పడినదో చెప్పు సాక్ష్యము పోవును. భూమిలో దొరకిన నిక్షేపమును ప్రభుత్వమునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము విధించుచున్నది. కలెక్టరునకు తెలిపినచో అది పురావస్తు శాఖ చేతికి చేరును. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలలో విస్తారమైన నాణెముల భాండారము కలదు. సైఫాబాదు పాత టంకసాల భవనమును 2022లో ప్రదర్శనశాలగా తెరచిరి. అట్టి చోట్లకు చేరిన నాణెము తన కథ చెప్పగలదు.

పెద్ద రాజ్యముల చరిత్రకు శాసనములు కలవు, దస్తావేజులు కలవు, చరిత్రకారులు కలరు. ఒక పల్లె సంతలో ఏ రూపాయి చెల్లెనో, దానికెంత వట్టము పోయెనో చెప్పుటకు ఆ పల్లె ఇండ్లలో మిగిలిన నాణెములు తప్ప వేరు సాక్షులు తక్కువ. నడిగడ్డ యిండ్లలో నేటికిని పాత పెట్టెల అడుగున నొకటి రెండు హాలీ రూపాయలో, అదృష్టముండినచో గద్వాల సిక్కాయో ఉండవచ్చును. వానిని అమ్ముటకు ముందు ఒకమారు వెలుతురున పట్టి చూడుడు. అంచున గంటున్నదేమో, కమాను క్రింద ఏ అక్షరమున్నదో గమనింపుడు. సంతలో చెల్లని ఆ రూపాయి చరిత్రకారుని యెదుట నేడును పదహారణాలు చెల్లును.